మూడు రంగుల్లో ఒక హత్య

పాత డిటెక్టివ్ నవల అట్ట మీద రంగులు లెక్కపెట్టండి. సాధారణంగా మూడుకి మించవు. నలుపు తప్పనిసరి, ఎరుపు సరేసరి, మూడోది పసుపో నీలమో. ఆ మూడింటితోనే పిస్తోలు, కిటికీ వెనక నీడ, నోరు తెరిచి అరుస్తున్న ఆడమనిషి, కళ్ల మీదికి టోపీ దించుకున్న మగవాడు. పైన వంకరగా, నెత్తురు కారుతున్నట్టు నవల పేరు.

ఈ అట్టల్ని నమూనాగా పెట్టుకుని చేత్తో శుభాకాంక్షల కార్డులు ముద్రించుకునే సరదా ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. రబ్బరు ముక్క మీద బొమ్మ చెక్కి, ఇంకు అద్ది, మందపాటి కాగితం మీద నొక్కుతారు. పుట్టినరోజుకు పూలగుత్తి బదులు పిస్తోలు బొమ్మ పంపుతారు. చూసినవాళ్లు పాతకాలం మీద మోజు అనుకుంటారు. మోజు ఉంటే ఉండవచ్చు గానీ, అసలు సంగతి వేరే ఉంది. ఆ అట్టలు పుట్టిందే అచ్చు దిమ్మెల నుంచి. తక్కువ రంగులు, దట్టమైన నీడలు, మోటు గీతలు అన్నీ దిమ్మె పెట్టిన షరతులే. కార్డు చేసేవాళ్లు ఆ షరతులకు మళ్లీ తలొగ్గుతున్నారు, అంతే. ముద్రలకు కొదవలేని ఆదోని, ఎమ్మిగనూరుల్లో నిలబడి చూస్తే ఈ కథ ఇంకా బాగా తెలుస్తుంది.

కథ మొదలైంది రైల్వే స్టేషన్లో. 1850ల్లో ఇంగ్లండులో రైలెక్కే జనం కోసం చవక నవలలు అచ్చువేసి స్టేషన్ దుకాణాల్లో పెట్టారు. తెల్ల అట్టలు చేతులు మారేకొద్దీ మాసిపోతున్నాయి. ఎడ్మండ్ ఇవాన్స్ అనే చెక్క అచ్చుల పనివాడు పసుపు పూత పూసిన కాగితం తెచ్చి, దాని మీద చెక్క దిమ్మెలతో రెండు మూడు రంగుల్లో బొమ్మ వేశాడు. మురికి కనపడదు, దూరం నుంచి కంటికి ఆనుతుంది, ఖర్చూ తక్కువ. ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాడిని ఒక్క చూపులో ఆపాలి కాబట్టి కథలోని అతి ఘోరమైన ఘట్టమే అట్ట మీదికి ఎక్కింది. 1887లో షెర్లాక్ హోమ్స్ మొదటిసారి లోకానికి కనిపించిన బీటన్స్ క్రిస్మస్ సంచిక అట్ట కూడా ఈ బాపతే. 1911లో ఫ్రాన్సులో ఫాంటోమాస్ వచ్చాడు. ముసుగు, పొడుగు టోపీ, కోటు వేసుకుని పారిస్ నగరం మీద కాలు మోపి నిలబడ్డ ఆ దొంగ ఎన్ని దేశాల అట్టల మీద దూరాడో లెక్కలేదు. ఇటలీలో 1929లో మొందదోరి సంస్థ నేర నవలల వరుసకు పసుపు అట్టలు వేసింది. 1935లో పెంగ్విన్ వాళ్లు బొమ్మే తీసేసి, నేర కథలకు ఆకుపచ్చ పట్టీలు కేటాయించారు. పెంగ్విన్ పద్ధతి హుందాగా ఉంటుంది, కాదనను. కానీ కార్డు చేసేవాడికి అందులో చెక్కడానికేముంది?

ఆ రైలు మన దాకా కూడా వచ్చింది. మద్రాసు నుంచి వచ్చే లైను, బొంబాయి నుంచి వచ్చే లైను 1871లో రాయచూరు దగ్గర కలిశాయి. ఆదోని ఆ దారిలోనే ఉంది. ఎమ్మిగనూరుకు రైలు లేదు. మనిషైనా పుస్తకమైనా ఆదోనిలోనో మంత్రాలయం రోడ్డు స్టేషన్లోనో దిగి బస్సెక్కాల్సిందే. 1953 దాకా ఆదోని బళ్లారి జిల్లాలో ఉండేది. అందువల్ల ఇక్కడ తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ చదివే ఇళ్లున్నాయి, మూడు భాషల డిటెక్టివులూ దొరుకుతారు. ఉర్దూవాళ్లకు అలహాబాదులో 1952లో మొదలైన జాసూసీ దునియా నవలల వరుస, అందులో ఇబ్నె సఫీ సృష్టించిన ఫరీదీ, హమీద్. కన్నడంవాళ్లకు ఎన్. నరసింహయ్య రాసిన పత్తేదారు పురుషోత్తముడు. తెలుగువాళ్లకు కొమ్మూరి సాంబశివరావు యుగంధర్, ఆయన వెంట అసిస్టెంటు రాజు.

తెలుగులో ఈ రకం కథ అంతకు చాలా ముందే మొదలైంది. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో పాంచకడీ దే రాసిన బెంగాలీ నవలలు తెలుగులోకి దిగాయి. దేవరాజు వేంకటకృష్ణారావు ‘వాడే వీడు’ లాంటి సొంత రచనలూ వచ్చాయి. ఆరుద్ర అంతటి కవి ‘పలకల వెండి గ్లాసు’ రాశాడు. కొమ్మూరి తర్వాత టెంపోరావు, విశ్వప్రసాద్, గిరిజశ్రీ భగవాన్, ఆ వెనక షాడో పాత్రతో మధుబాబు. లోపలి కథ గురించి విమర్శకులు ముక్కు విరిచారు. అట్ట గురించి ఎవరూ మాట్లాడలేదు. నన్నడిగితే ఆ నవలల్లో సగానికి అట్టే మెరుగు.

ఆ అట్ట ఎలా తయారయ్యేదో కార్డు చేసేవాళ్లు తెలుసుకోవడం అవసరం. ఆర్టిస్టు తెల్ల కాగితం మీద ఇండియన్ ఇంకుతో నల్లబొమ్మ వేసేవాడు. ఎరుపు ఎక్కడ పడాలో, పసుపు ఎక్కడ పడాలో పైన పల్చటి కాగితం పరిచి గుర్తు పెట్టేవాడు. బ్లాకు మేకరు దాన్ని ఫొటో తీసి, మందు పూసిన జింకు రేకు మీదికి ఎక్కించి, నత్రికామ్లంలో వేసేవాడు. గీత ఉన్నచోట రేకు మిగిలేది, తక్కినదంతా ఆమ్లం తినేసేది. ఆ రేకును చెక్క దిమ్మెకు మేకులతో కొట్టి, సీసపు అక్షరాల ఎత్తుకు సరిచేసి, మెషిను మీద బిగించేవారు. ఒక్కో రంగుకు ఒక్కో బ్లాకు, ఒక్కోసారి మెషిను తిప్పుడు. నాలుగో రంగు కావాలంటే నాలుగోసారి కూలి. చుక్కలతో నీడలు చూపించే హాఫ్‌టోన్ బ్లాకుకు ఖర్చెక్కువ, నునుపు కాగితమూ కావాలి. కాబట్టి చవక నవల మీద మనిషి ముఖంలో సగం కటిక నలుపు, సగం తెల్ల కాగితం. చూసినవాళ్లు అబ్బ, ఎంత రహస్యంగా ఉన్నాడో అనుకునేవారు. రహస్యం ఏమీ లేదు, బ్లాకు ఖర్చు మిగిలింది.

ఎరుపు బ్లాకు కాస్త పక్కకు జరిగిందంటే లిప్‌స్టిక్ పెదవులు వదిలి చెంప మీదికి వెళ్లేది. ఇప్పటి కార్డుల వాళ్లు ఆ తప్పును పనిగట్టుకుని చేస్తారు. కంప్యూటరులో కూడా రంగును పక్కకు జరిపే మీటలున్నాయి. చేత్తో నొక్కేవాళ్లకు ఆ మీట అక్కర్లేదు. రెండో కార్డుకే చెయ్యి జరుగుతుంది.

ఒక్క సంగతి మాత్రం మన అట్టల్లో నాకు ఎప్పుడూ నవ్వు తెప్పిస్తుంది. ఎండాకాలం నలభై డిగ్రీలు దాటే సీమలో కూర్చుని మనం చదివిన నవలల మీద హంతకుడు ఉన్ని ఓవర్‌కోటు, చేతులకు తొడుగులు, మెడకు మఫ్లరు వేసుకుని ఉండేవాడు. లండను పొగమంచులో పుట్టిన దుస్తులు బెంగాలు మీదుగా, మద్రాసు మీదుగా ఎవరూ విప్పకుండా వచ్చాయి. ఆ వేషంలో ఆదోని కోట ఎక్కితే సగం దారిలోనే సొమ్మసిల్లి పడిపోతాడు, పోలీసులతో పనే ఉండదు.

పుస్తకం అచ్చయి వచ్చాక కూడా దాని మీద ముద్రలు పడుతూనే ఉండేవి. అద్దె పుస్తకాల షాపువాడు కొత్త నవల రాగానే అట్ట ఊడకుండా దారంతో కుట్టి, ఊదారంగు స్టాంపు వేసేవాడు. హీరోయిన్ నుదుటి మీద పడినా అతనికి పట్టేది కాదు. గ్రంథాలయాలకు ఇంకో తెలివి ఉంది. మొదటి పేజీ ముద్రను ఎవరైనా చించేస్తారని, ప్రతి పుస్తకంలోనూ ముందే అనుకున్న ఒక అంకె పేజీలో మరో ముద్ర వేస్తారు. ఆ అంకె సిబ్బందికే తెలుసు. అపరాధ పరిశోధన నవలలో నిజమైన రహస్య పేజీ అదొక్కటే. ఆఖరి పేజీ చించుకుపోయే పుణ్యాత్ముల సంగతి వేరే చెప్పాలి.

ముద్రతో నేరం పట్టడం ఆదోనికి కొత్త కాదు. పత్తి బేలు గురించి చెబుతున్నాను. పింజలో తడి పట్టించడం, మంచి రకంలో నాసి రకం కలపడం లాంటి మోసాలు పెరిగినందుకు 1925లో జిన్నింగు, ప్రెస్సింగు ఫ్యాక్టరీల చట్టం తెచ్చారు. నొక్కిన ప్రతి బేలు మీద వరుస నంబరు, ఆ ఫ్యాక్టరీకి ఇచ్చిన గుర్తు ఉండాలన్నది అందులోని నియమం. ఎక్కడో దూరాన మిల్లులో బేలు విప్పాక గుట్టు బయటపడితే, గుర్తు పట్టుకుని వెనక్కి నడిస్తే ప్రెస్సు దాకా వచ్చేయవచ్చు. అక్షరాలు కోసిన రేకు పెట్టి, పైన నల్లరంగు కుచ్చుతో కొడితే గుర్తు పడిపోతుంది. కార్డులు చేసేవాళ్లు స్టెన్సిల్ అని కొనుక్కునేది అదే పని చేసే వస్తువు. మిల్లు గుడ్డ తాను మీద పొడవెంతో ముద్ర వేయాలని 1889లోనే మరో చట్టం చెప్పింది. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో చేనేతకారుల సహకార సంఘం పెట్టేనాటికి, ముద్ర లేని సరుకును బజారు నమ్మని రోజులు వచ్చేశాయి. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది; ఆ సంఘం దుప్పట్లు, తువ్వాళ్లు ఊరి పేరును దూరదూరాలకు మోసుకెళ్లాయి.

రబ్బరు స్టాంపు కథ చిన్నది. చార్లెస్ గుడియర్ 1844లో గంధకం కలిపి కాచిన రబ్బరుకు పేటెంటు తీసుకున్నాడు. రబ్బరు గట్టిపడింది, ఆ తర్వాత స్టాంపు అయింది, ఆఫీసులన్నీ దాని చేతిలో పడ్డాయి. 1919లో జర్మనీలో కుర్ట్ ష్విట్టర్స్ ఆ ఆఫీసు స్టాంపులతోనే బొమ్మలు వేశాడు. 1960ల్లో అమెరికాలో రే జాన్సన్, ఆయన బాటలో మరికొందరు చిత్రకారులు స్టాంపులు కొట్టిన కాగితాలు టపాలో పంపుకున్నారు. అక్కడి నుంచి అది ఇళ్లల్లో సరదాగా మారింది. శుభాకాంక్షల కార్డు గుడియర్ పేటెంటు కన్నా ఒక్క ఏడాది పెద్దది. లండన్లో హెన్రీ కోల్ 1843లో ఒక చిత్రకారుడితో క్రిస్మస్ కార్డు వేయించి వెయ్యి ప్రతులు అచ్చువేయించాడు. మన దేశంలో 1879లో కాలణా పోస్టుకార్డు వచ్చాక సామాన్యుడికి ఉత్తరం అందుబాటులోకి వచ్చింది. కవరు నోరు అంటించకుండా బుక్ పోస్టులో పంపే కొత్త సంవత్సరం కార్డులు, సినిమా తారల కార్డులు, బడిపిల్లలు బెండకాయ కోసి రంగులో ముంచి వేసిన పూల కార్డులు చూసిన తరం ఇంకా ఉంది. ఫోన్లో సందేశాలు వచ్చాక ఆ సంత చెదిరిపోయింది.

బెండకాయ ముద్ర వేయగలిగినవాళ్లకు డిటెక్టివ్ కార్డు కష్టమేమీ కాదు. పిల్లల రబ్బరు పెద్దది ఒకటి, లేదా తెగిపోయిన హవాయి చెప్పు అడుగు. రెండు దిమ్మెలు చాలు. పెడనలో కలంకారీ టేకు అచ్చులు చెక్కేవాళ్లు గీతకు ఒకటి, లోపల నింపడానికి ఇంకొకటి చేస్తారు, అదే లెక్క. లేతరంగు ముందు, నలుపు ఆఖర్న. కాగితం ప్రతిసారీ ఒకేచోట ఆనేలా బల్ల మీద ఎల్ ఆకారంలో అట్టముక్క అంటించుకోవాలి. పెద్ద నల్లమచ్చ చేత్తో నొక్కితే మచ్చలు మచ్చలుగా వస్తుంది. దిమ్మెను బోర్లించకుండా వెల్లకిలా పెట్టి, కాగితాన్ని దాని మీద పరిచి, చెంచా వీపుతో రుద్దాలి. కాగితం పత్తి గుడ్డపేలికలతో చేసినదైతే ఇంకు లోపలికి దిగి చక్కగా కూర్చుంటుంది. చేతికాగితం పరిశ్రమను మళ్లీ లేపడానికి 1934లో గాంధీజీ, జె.సి. కుమారప్ప అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం ద్వారా ప్రయత్నించారు. గుడ్డ కత్తిరింపులతో చేసిన కాగితం ఇప్పటికీ దొరుకుతోంది. పత్తి పండే సీమలో చెక్కతునకల కాగితం మీద కార్డు చేయడం నాకైతే నచ్చదు.

అసలు కష్టం అక్షరాల దగ్గర. ఇంగ్లిషు అక్షరం నిలువు గీతలూ అడ్డ గీతలూ. బ్లేడు సాఫీగా నడుస్తుంది. తెలుగులో ప్రతిదీ గుండ్రన, పైన తలకట్టు, కింద వొత్తు. అద్దంలో తిరగేసినట్టు చెక్కాలి, సున్నా లోపలి ముక్క తెగి పడిపోకూడదు. పాత ఆర్టిస్టులు కంపోజింగు అక్షరాలు వాడకుండా పేరును కుంచెతో రాసేవారు. ‘హత్య’లోని వొత్తు తోకను కిందికి లాగి కత్తి మొన చేయడం వాళ్లకు మంచినీళ్లు తాగినంత తేలిక. కార్డుకు కూడా అదే దారి. ఊలు కోటు వదిలేసి మన ఊరి సరుకు వేసుకుంటే ఇంకా మంచిది: రాత్రి జిన్నింగు మిల్లు, బేళ్ల వరుసల మధ్య ఒక చెయ్యి, మగ్గం గుంతలో ఆరిన లాంతరు, కోట గోడ మీద పొడుగు నీడ.

మూసి ఉంటే కార్డు నవల అట్ట, తెరిస్తే ఆఖరి పేజీ. కాబట్టి లోపల నేరస్థుడు తేలిపోవాలి. ఉదాహరణకు పైన ఎర్ర అక్షరాల్లో ‘మాయమైన ఓళిగలు’. కింద ఖాళీ పళ్లెం, తలుపు సందులో ఒక కన్ను. లోపల పుట్టినరోజు జరుపుకుంటున్నవాళ్ల పేరు, దాని పక్కన రుజువుగా బొటనవేలి ముద్ర. నిజంగా నేతి వేలితో వేస్తే కాగితం అవతలికి మరక దిగుతుంది, స్టాంపు ప్యాడు వాడండి.