కళేబరమే సాక్ష్యం: అట్లాస్ మంచు తుఫాను, అమెరికా పశునష్ట పరిహారం

2013 అక్టోబరు 3 నుంచి 5 దాకా సౌత్ డకోటా పశ్చిమ ప్రాంతాన్ని ‘అట్లాస్’ మంచు తుఫాను ముంచెత్తింది. ముందు వాన పడి పశువుల ఒళ్లంతా తడిసింది. ఆ తడి మీదే మంచు, గంటకు 110 కిలోమీటర్ల దాకా ఈదురుగాలి. బ్లాక్ హిల్స్‌లో కొన్నిచోట్ల మంచు నాలుగడుగులు దాటింది. మందలింకా వేసవి బీళ్లలోనే ఉన్నాయి. వాటికి చలికాలపు బొచ్చు రాలేదు. గాలి తరిమిన వైపే నడిచాయి. పేరుకున్న మంచు మీదుగా కంచెలు దాటాయి, వాగుల్లో పడ్డాయి, యజమాని బీటికి మైళ్ల దూరాన చచ్చిపడ్డాయి. రాష్ట్ర పశువైద్యాధికారికి అందిన లెక్క ప్రకారమే దాదాపు 14 వేల పశువులు పోయాయి. అసలు నష్టం అంతకన్నా చాలా ఎక్కువని అంచనాలు వచ్చాయి.

ఆ వారం ఫెడరల్ ప్రభుత్వం షట్‌డౌన్‌లో ఉంది. నష్టం నమోదు చేయాల్సిన వ్యవసాయ శాఖ కౌంటీ కార్యాలయాలకు తాళాలు. తెరిచి ఉన్నా ఇచ్చేందుకు పథకం లేదు. 2008 వ్యవసాయ చట్టం తెచ్చిన పశునష్ట పరిహార పథకం 2011 సెప్టెంబరు 30 వరకు జరిగిన నష్టాలకే వర్తించింది. కొత్త చట్టం కాంగ్రెస్‌లో నలుగుతోంది. పంట వేసిన రైతుకు 1938 నుంచి ఫెడరల్ పంటల బీమా అండ ఉంది. మందలు మేపే రాంచర్‌కు ఆనాడు అంతటి ఆసరా లేదు.

2014 ఫిబ్రవరి 7న సంతకమైన చట్టం ఈ పథకాన్ని శాశ్వతం చేసి, 2011 అక్టోబరు నుంచి జరిగిన నష్టాలకూ వర్తింపజేసింది. సాధారణంగా ఏటా చనిపోయే వాటిని మినహాయించి, మిగిలిన ప్రతి పశువుకు మార్కెట్ విలువలో 75 శాతం ఇస్తారు. డబ్బు ఆలస్యంగానైనా వచ్చింది. పరిశోధకులు ఎక్కువగా ఈ మొత్తాలనే లెక్కిస్తారు. నాకు మాత్రం అంతకన్నా పెద్ద ప్రశ్న రుజువుది. చట్టం ఏ రుజువు అడుగుతుందో తెలియకముందే రాంచర్ దాన్ని పోగుచేసుకోవలసి వచ్చింది.

ఒక్క కళేబరాన్ని తీసుకుందాం. వాగులో ఉబ్బి పడి ఉంది. చెవికి ట్యాగు, ఒంటిమీద వాతముద్ర. ముద్ర గుర్తుపట్టి పొరుగువాడు కబురు చేస్తాడు. ఫొటో తీయాలి. ట్యాగు నంబరు రాసుకోవాలి. లాభనష్టాలతో సంబంధం లేని మూడో మనిషి చేత చూశానని రాయించుకోవాలి. తుఫానుకు ముందు మందలో ఎన్ని తలలున్నాయో కాగితం చూపాలి. ఇదంతా కుళ్లకముందే జరగాలి. పెనింగ్టన్, మీడ్ కౌంటీల్లో పూడ్చడానికి పెద్ద గోతులు తవ్వారు. పశుపోషకుల సంఘాలు, వ్యవసాయ విస్తరణ నిపుణులు ప్రతి చావునూ నమోదు చేసుకోమని చెప్పబట్టి చాలామంది ఆ పని చేశారు. ప్రభుత్వం చేయాల్సిన పంచనామాను బాధితుడే, తన మంద శవాల మధ్య నిలబడి చేసుకున్నాడు.

అదే చట్టంలోని కరువు మేత సాయం ఇలా ఉండదు. 2025లో నిబంధన మారేదాకా, కరువు పటంలో కౌంటీ ‘తీవ్ర కరువు’ రంగులో మేత పెరిగే కాలంలో వరసగా ఎనిమిది వారాలుంటే చెల్లింపు అర్హత వచ్చేసేది. బీడెంత, పశువులెన్ని అన్నది రాంచర్ చూపాలి గానీ గడ్డి ఎండిందని నిరూపించనక్కర్లేదు. మంచు తుఫానుకూ వాతావరణ శాఖ కొలతలున్నాయి. అయినా ఆ కొలతలు చావుకు కారణాన్నే చెబుతాయి, చావుల సంఖ్యను చెప్పవు. కనుక రుజువు పూర్తిగా ఎత్తేయమనడం నా వాదన కాదు. నష్టాన్ని నమోదు చేసే సిబ్బంది షట్‌డౌన్‌లోనూ పనిచేయాలి. ఏ కాగితం కావాలో ముందే తెలియాలి.

అక్టోబరులో చచ్చినవాటిలో చూడి ఆవులు ఎన్నో. వసంతంలో ఈనవలసినవి. పరిహారం ఆవుకే లెక్కగట్టారు. కడుపులోని దూడకూ అదనంగా చెల్లించాలన్న మాట 2025లో గానీ చట్టంలోకి ఎక్కలేదు.