నగర ఖిల్లా బావిలో టీపూ బాన్‌లు

2023 మేలో టీపూ సుల్తాన్ పడకగది తల్వార్ లండన్ వేలంలో కోటీ నలభై లక్షల పౌండ్లకు అమ్ముడైంది. ఆ ఖబర్ మన వాట్సాప్ గ్రూపుల్లో రెండు రోజులు తిరిగింది. తల్వార్ ఖూబ్‌సూరత్‌గా ఉంటుంది, దాని మీద బంగారు చెక్కడం ఉంటుంది, ఫోటో బాగా వస్తుంది. నా దిల్ మాత్రం ఇంకో దాని మీద ఉంది. కర్ణాటకలో ఓ పాడుబడ్డ బావి బురదలోంచి తీసిన తుప్పు ఇనుప గొట్టాలవి. వాటిని ఎవరూ వేలంలో పెట్టరు. కానీ మైసూరు తారీఖ్‌లో టీపూ దిమాగ్ ఏమిటో చెప్పే అసలైన గవాహీ అవే అని నా అభిప్రాయం.

శివమొగ్గ జిల్లా హోసనగర తాలూకాలో నగర అనే ఊరు ఉంది. పాత పేరు బిదనూరు, కెళది నాయకుల రాజధాని. 1763లో హైదర్ అలీ దాన్ని ఫతహ్ చేసి హైదర్‌నగర్ అని పేరు పెట్టాడు. జనం నోట్లో చివరికి ‘నగర’ మాత్రం మిగిలింది. 2002లో అక్కడి ఓ తోట బావిలో నూటయాభైకి పైగా ఇనుప గొట్టాలు దొరికాయి. అవి మైసూరు రాకెట్లని తేలడానికి కొన్నేళ్లు పట్టింది. 2018 జూలైలో పురావస్తు శాఖ వాళ్లు ఖిల్లా దగ్గరి పాత బావిని తవ్విస్తే, బారూద్ వాసన వేసే బురదలోంచి దాదాపు వెయ్యి బయటపడ్డాయి. ఇంచుమించు 23 నుంచి 26 సెంటీమీటర్ల పొడవు. అంటే మన ఇంటి చపాతీ కర్రకంటే పొట్టి.

వీటిని అప్పట్లో ‘బాన్’ అనేవాళ్లు. మనం పండక్కి కొనే బాణాసంచాలో ఆ మాట ఇంకా బతికే ఉంది. బెంగళూరులో ఈ పని సాగిన పేటకు తారామండల్‌పేట అని పేరు. బాన్‌లు హిందుస్తాన్‌లో కొత్త కాదు, మొఘల్ ఫౌజ్‌లోనూ ఉన్నాయి. యూరప్ వాళ్లూ చేసేవాళ్లు, కానీ అట్టతో. అట్ట గొట్టంలో బారూద్‌ను ఓ హద్దు దాటి కూరితే గొట్టమే పగిలిపోతుంది. మైసూరు లోహార్లు దాన్ని మెత్తని మంచి ఇనుముతో చేశారు. ఇనుము ఎక్కువ వత్తిడికి ఆగుతుంది. లోపలి పొగ వెనక రంధ్రంలోంచి ఇంకా జోరుగా తన్నుకొస్తుంది, బాన్ ఇంకా దూరం పోతుంది. కిలోమీటరు దాటి పోయేవని లెక్క. గొట్టాన్ని తోలు పట్టీలతో వెదురు కర్రకో, కత్తి అలుగుకో కట్టేవాళ్లు. ఇంగ్లండ్‌లోని వూల్‌విచ్‌కు చేరిన రెండు నమూనాల్లో ఒకటి మీటరు పొడవు కత్తికి, ఇంకొకటి దాదాపు రెండు మీటర్ల వెదురుకు కట్టి ఉన్నాయి. గురి అంత పక్కాగా ఉండేది కాదు. వందలుగా ఒక్కసారి వదిలితే గుర్రాలు బెదిరేవి, సిపాయిల వరస చెదిరేది. 1780 సెప్టెంబరు 10న కంచి దగ్గర పొల్లిలూరు జంగ్‌లో కర్నల్ బెయిలీ ఫౌజ్ బారూద్ బండ్లు పేలిపోయాయి. ఆ నిప్పు బాన్‌లదేనని చాలామంది ముఅర్రిఖ్‌ల మాట.

ఇది మనది కాని మైసూరు కథ అనుకోకండి. టీపూ అమ్మీజాన్ ఫఖ్రున్నిసా మన కడప ఖిల్లాదార్ మీర్ మొయినుద్దీన్ కూతురు. ఇక హైదరాబాద్ వాళ్లకైతే ఈ రిష్తా కాస్త కడుపులో గుచ్చుకుంటుంది. బాన్‌లు వదిలే సిపాయిలు ఏ దళంలో ఎంతమంది ఉండాలో రాసిన టీపూ ఫౌజీ కితాబు ‘ఫతహుల్ ముజాహిదీన్’. దాన్ని రాసినవాడు జైనుల్ ఆబిదీన్ షూస్తరీ. ఆయన సగా భాయీ ఎవరంటే మీర్ ఆలం, చెరువు పేరుతో మనకు రోజూ గుర్తొచ్చే మీర్ ఆలమే. 1799లో నిజాం ఫౌజ్‌ను అంగ్రేజుల పక్కన నడిపించుకుని శ్రీరంగపట్నం మీదికి వెళ్లింది ఆయన. ఒక భాయీ కితాబు రాసిన ఫౌజ్ మీద ఇంకో భాయీ దండెత్తాడు. మన స్కూలు పుస్తకాల్లో ఈ వాక్యం నాకెక్కడా కనబడలేదు.

1799 మే 4న సుల్తాన్ షహీద్ అయ్యాక జరిగిన లూట్‌లో తఖ్త్ గతి చూడండి. లూట్ పంపకానికి పెట్టిన అధికారులు ఆ బంగారు తఖ్త్‌ను ముక్కలు చేయించి పంచేశారు. దాని పులి తల, హుమా పక్షి ఇప్పుడు ఇంగ్లండ్ రాజకుటుంబం సేకరణలో ఉన్నాయి. మిగతా తఖ్త్ ఎలా ఉండేదో బొమ్మలు చూసి ఊహించుకోవాల్సిందే. బాన్‌లను మాత్రం వాళ్లు అలా చేయలేదు. జాగ్రత్తగా వూల్‌విచ్ తీసుకెళ్లి, విప్పి, చూసి, నేర్చుకున్నారు. విలియం కాంగ్రీవ్ అక్కడ తన రాకెట్లు తయారు చేశాడు. 1806లో బులోన్ మీద, 1807లో కోపెన్‌హాగన్ మీద అవి పడ్డాయి. అమెరికా జాతీయ గీతంలో ప్రస్తావన వచ్చేవి కూడా ఆ కాంగ్రీవ్ రాకెట్లే. అబ్దుల్ కలాం సాహెబ్ అరవైల్లో నాసా వాలప్స్ కేంద్రానికి వెళ్లినప్పుడు గోడ మీద ఓ చిత్రం చూశానని తన ఆత్మకథలో రాసుకున్నారు. బాన్‌లు వదులుతున్న వాళ్లు అందులో నల్లని మనుషులు, టీపూ సిపాయిలు. మన తారీఖ్ మనకు అంత దూరం గోడ మీద కనబడటం నాకు ఖుషీగానూ ఉంది, కోపంగానూ ఉంది.

సరే, బావిలోవి బయటికొచ్చాయి. తర్వాత ఏం చేయాలి? అసలు ఇబ్బంది ఇక్కడే. రెండు వందల ఏళ్లు నీళ్లలో ఉన్నాయి కాబట్టి మురిగిపోయాయిలే అనుకోవడం ఖతర్నాక్. బారూద్‌లోని సురేకారం నీళ్లలో కరుగుతుంది, నిజమే. కానీ మూతి బిగిసిన గొట్టం లోపల ఎంత కరిగిందో, ఎంత పొడిగా మిగిలిందో పైనుంచి ఎవరూ చెప్పలేరు. అందుకే మొదట ఎక్స్‌రే తీసి లోపల చూస్తారు. బారూద్ ఉందని అనుమానం వస్తే, దాన్ని నిర్వీర్యం చేయడం ఆ పనిలో ఆరితేరిన వాళ్లదే, మ్యూజియం వాళ్లది కూడా కాదు. భద్రత కోసం విప్పాలి. విప్పితే కారీగర్ చేతి పని చెదురుతుంది, ఇనుమును ఎలా మడిచాడు, మూతి ఎలా బిగించాడు అన్నవి అక్కడితో పోతాయి. కాబట్టి విప్పేముందు అన్ని వైపుల నుంచీ కొలతలు, ఫోటోలు. బయటికి తీసిన బారూద్‌ను మొత్తం పారబోయకుండా చిటికెడు పరీక్షకు. పాళ్లు ఎంత, సురేకారం ఎంత శుభ్రంగా ఉంది అన్నది ఆ చిటికెడే చెబుతుంది. వెయ్యి దొరకడం ఇక్కడ నసీబ్. కొన్నిటిని విప్పి చదివి, మిగిలినవాటి రూపం చెడకుండా ఉంచవచ్చు. ఒక్కటే దొరికి ఉంటే నేనైతే విప్పవద్దనే అంటాను.

బురదలో గాలి తగలక నిలిచిన ఇనుము బయటికి రాగానే చస్తుంది. అందులో ఇంకిన ఉప్పు గాలితో, తేమతో కలిసి పొరలు పొరలుగా తుప్పును ఊడదీస్తుంది. రెండు మూడు వానాకాలాల్లో గొట్టం కాస్తా ఎర్ర పొడి అవుతుంది. ఆ ఉప్పు లాగేయడానికి క్షార ద్రావణంలో నెలల తరబడి నానబెట్టి, ద్రావణం మారుస్తూ పోవాలి. తర్వాత ఆరబెట్టి, టానిక్ ఆమ్లం పూసి, పైన సన్నగా మైనం. ఓపిక పని. నగర బాన్‌లు చేరిన శివమొగ్గ శివప్ప నాయక ప్యాలెస్ మ్యూజియం ఉన్న మల్నాడులో వానలెలా కురుస్తాయో తెలిసినవాళ్లకు ఆ పని ఎంత కష్టమో అర్థమవుతుంది.

మన ఇళ్ల సంగతి కూడా చెప్పాలి. చాలా ఖాందాన్‌లలో దాదాజాన్ కాలం నాటి తల్వారో, ఖంజరో, తోపు గుండో ఉంటుంది. పండగ ముందు ఎవరో ఒకరు ఇసుక కాగితం పెట్టి తళతళా రుద్దేస్తారు. తుప్పుతో పాటు అలుగు మీది ఫారసీ హర్ఫ్‌లు కూడా పోతాయి, చేసినవాడి పేరు పోతుంది. దర్గాల ముందున్న పాత తోపులకు నల్ల పెయింటు దట్టంగా కొట్టడం కూడా అలాంటి ఖిద్మతే. మెత్తని పొడి గుడ్డతో తుడవడం చాలు. గుండు బరువు చూస్తే బోలుగా ఉన్నట్టనిపిస్తే దాన్ని తట్టకండి, వేడి చేయకండి, రంధ్రం వేయకండి. ఉన్నచోటే వదిలి పోలీసులకు చెప్పండి. పొలంలోనో పునాదిలోనో పది రూపాయలకు మించిన విలువైన పాతది దొరికితే కలెక్టర్‌కు తెలపాలని 1878 చట్టం. వందేళ్లు దాటిన వస్తువును నిషానీగా ఉంచుకోమని షికాగోలో ఉన్న కొడుకు సూట్‌కేసులో పెట్టి పంపడం 1972 చట్టం ప్రకారం జుర్మ్.

ఇంకో పని ఈ వారమే చేయవచ్చు. ఆ వస్తువు ఎవరిది, ఏ ఊరి నుంచి వచ్చింది, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి అందింది అని ఇంట్లోని పెద్దవాళ్లను అడిగి కాగితం మీద రాసి దానితోనే పెట్టండి. ఉర్దూలో ఒకటి, తెలుగులో ఒకటి. మా ఇంట్లో పిల్లలకు ఉర్దూ మాట్లాడటం వచ్చు, చదవడం రాదు.