ప్రసారానికి వెల యెవరు చెల్లించాలి?

బ్రిటన్‌లో కొంతకాలంగా ఒక వివాదం నడుస్తోంది. ఇంట్లో టెలివిజన్ పెట్టె లేకుండా, ఫోనులోనో కంప్యూటర్‌లోనో కార్యక్రమాలు చూసేవాడు టెలివిజన్ లైసెన్సు తీసుకోవాలా, అక్కరలేదా? చట్టం యిలా చెబుతుంది: ప్రసారమవుతున్న వేళనే టెలివిజన్ కార్యక్రమం చూస్తే, యే పరికరం మీద చూసినా లైసెన్సు వుండి తీరాలి. 2016 సెప్టెంబరు 1 నుంచి బి.బి.సి. వారి ఐప్లేయర్‌లో పాత కార్యక్రమాలు చూడటానికి కూడా వుండాలి. నెట్‌ఫ్లిక్స్ వంటి సేవలో నిలవ వున్న సినిమాను తీరిక దొరికినప్పుడు చూసుకునేవాడికి మాత్రం అక్కరలేదు.

దీన్ని ప్లీడర్ల తగవని తోసివేయరాదు. అందరికీ చెందవలసిన వస్తువుకు వెల యెవరు చెల్లించాలి, చెల్లించినవాడికి దానిపై యే హక్కు వస్తుంది అన్నదే అసలు ప్రశ్న.

1922లో పుట్టినప్పుడు బి.బి.సి. ప్రజాసంస్థ కాదు. రేడియో సెట్లు తయారుచేసే వ్యాపారులు కలిసి పెట్టుకున్న కంపెనీ. కార్యక్రమాలుంటేగాని సెట్లు అమ్ముడుపోవు మరి! శ్రోతలు తపాలా శాఖకు యేటా 10 షిల్లింగులు కట్టి లైసెన్సు తీసుకునేవారు. 1927 జనవరి 1న రాజశాసనం ద్వారా అది కార్పొరేషన్ అయింది. వ్యాపారుల పెత్తనం పోయింది, లైసెన్సు మిగిలింది. 1946లో టెలివిజన్‌తో కలిపి 2 పౌన్ల లైసెన్సు వచ్చింది. 1968లో రంగుల టెలివిజన్‌కు 10 పౌన్లు అయింది. 1971లో రేడియోకు విడి లైసెన్సు పోయింది. పరికరం మారినప్పుడల్లా చట్టం దాని వెంటపడి పరుగెత్తింది. నేటి స్ట్రీమింగ్ తగవు ఆ పరుగులో తాజా మజిలీ మాత్రమే.

లైసెన్సు రుసుమే స్వాతంత్ర్యానికి హామీ అని చెప్పేవారున్నారు. చరిత్ర అంత తేలికగా ఒప్పుకోదు. 1926 మేలో బ్రిటిష్ కార్మికులు సార్వత్రిక సమ్మె చేసినప్పుడు, ప్రతిపక్షంలో వున్న లేబర్ నాయకుడు రామ్సే మెక్డోనాల్డ్ రేడియోలో మాట్లాడతానంటే వీలు కల్పించలేదు. సమ్మె చేస్తున్న శ్రామికుడూ లైసెన్సుకు 10 షిల్లింగులే కట్టాడు, గని యజమానీ 10 షిల్లింగులే కట్టాడు. మైకు మాత్రం సమానంగా అందలేదు.

మన అనుభవమూ యిదే చెబుతుంది. నా చిన్నతనంలో మా నాన్నగారు యేటేటా పోస్టాఫీసుకు వెళ్ళి, రేడియో లైసెన్సు పుస్తకంలో బిళ్ళలు అతికించి ముద్ర వేయించుకుని వచ్చేవారు. దేశమంతటా అలా కోట్లాది రూపాయలు కట్టిన శ్రోతలకు 1975 ఎమర్జెన్సీలో ఆకాశవాణి వినిపించింది ప్రభుత్వ స్వరం ఒక్కటే. 1980లలో లైసెన్సులు రద్దయ్యాయి. జనం సంతోషించారు. కాని యజమాని మారలేదు. 1990లో చేసిన ప్రసార భారతి చట్టం 1997లోగాని అమలులోకి రాలేదు. వచ్చాకనైనా సంస్థ ప్రధానంగా ప్రభుత్వ గ్రాంటు మీదే బతుకుతోంది. వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆస్తి మనదే, తాళంచెవి మన దగ్గర లేదు.

కనుక రుసుము రద్దు చేస్తే విముక్తి రాదు. వుంచినంత మాత్రాన స్వాతంత్ర్యమూ రాదు. ప్రభుత్వం చెల్లిస్తే ప్రభుత్వం యజమాని, ప్రకటనలు చెల్లిస్తే వర్తకుడు యజమాని. ప్రజలు చెల్లించి, ఆ సొమ్ముపై మంత్రుల చేయి పడకుండా చట్టం అడ్డుకట్ట వేసినప్పుడే ప్రజలు యజమానులయ్యే వీలుంటుంది.

అయితే బ్రిటిష్ లైసెన్సు యీ సూత్రాన్ని అన్యాయమైన రూపంలో అమలుపరుస్తున్నది. 2025 ఏప్రిల్‌లో అది 174.50 పౌన్లకు చేరింది. కోటీశ్వరుడికీ అంతే, ఆఫీసులు వూడ్చే ఆమెకూ అంతే. కట్టకపోవడం క్రిమినల్ నేరం. జరిమానా 1,000 పౌన్ల దాకా పోవచ్చు. శిక్షపడినవారిలో అత్యధికులు స్త్రీలు. పగలు తలుపు తట్టినప్పుడు ఇంట్లో వుండేది వారే కదా!

దారి లేకపోలేదు. జర్మనీ 2013 నుంచి పరికరాన్ని వదిలి, ఇంటికింత అని వసూలు చేస్తున్నది; యెంత అవసరమో స్వతంత్ర సంఘం లెక్కకట్టి చెబుతుంది. ఫిన్లండ్ అదే యేడు ఆదాయాన్ని బట్టి పన్ను పెట్టింది. ఈ రెండు పద్ధతులనూ జతచేస్తే పేదవాడి మీద భారం తగ్గుతుంది, మంత్రి చేతికి పగ్గం చిక్కదు. ఫోనా పెట్టెనా అన్న తగవు దానంతట అదే ఆరిపోతుంది.

బి.బి.సి. ప్రస్తుత రాజశాసనం గడువు 2027 డిసెంబరు 31. లైసెన్సు మీద సామాన్యుడికున్న న్యాయమైన కోపాన్ని వాడుకుని ప్రజా ప్రసారాన్నే చందాల వ్యాపారులకు అప్పగించాలని చూసేవారు అక్కడ తక్కువేమీ కాదు. చందా కట్టగలిగినవాడికే వార్త, నాటకం, సంగీతం అన్న యేర్పాటు వస్తే, కట్టలేనివాడి ఇంట్లో పెట్టె వుంటుంది. అందులో అతని కోసం మాట్లాడే గొంతు వుండదు. అభ్యుదయవాదులు రుసుము రూపాన్ని మార్చమని పోరాడాలి, ప్రసారంపై ప్రజల హక్కును మాత్రం వదులుకోరాదు.