చాలు – చాల – మిక్కిలి: ఒక మాట చరిత్రయు, మన ప్రసంగవేదికయు

ఉపోద్ఘాతము

కొన్ని మాటలు ఒంటరిగా నిలువవు. పక్కనున్న మాటకు బలము చేకూర్చుటయే వాటి పని. "మంచిది" అనుటకును "చాలా మంచిది" అనుటకును గల తేడా అంతయు అట్టి ఒక్క మాటలోనే ఉన్నది. తెలుగు క్రైస్తవ సంఘములో ఇట్టి మాటలకు కొరత లేదు. సభల ఫ్లెక్సీల మీద "బహు బలముగా వాడబడుచున్న" సేవకుల పేర్లు చదువుచున్నాము. సాక్ష్యములలో "అత్యధికమైన" దీవెనలను వినుచున్నాము. వీటన్నిటిలో అతి సామాన్యమైనది "చాల" అను మాట. అది ఎక్కడ పుట్టినది, మన బైబిలులో ఏ మూలపదమునకు బదులుగా నిలిచినది, మన ప్రసంగములకు ఏమి నేర్పుచున్నది అను మూడు ప్రశ్నలను ఈ వ్యాసములో పరిశీలింతము.

1. మాట పుట్టుక

"చాల" అనునది "చాలు" అను క్రియనుండి కలిగినది. క్రియ యొక్క అకారాంత రూపమును క్రియావిశేషణముగా వాడుట తెలుగునకు పాత అలవాటు. చాలు – చాల, మిగులు – మిగుల, నిండు – నిండ, తెగు – తెగ. "తెగ నవ్వినాడు" అనువారు నేడును ఇదే పద్ధతిని పాటించుచున్నారు. "మిక్కిలి" కూడ "మిగులు" కుటుంబములోనిదే. కావ్యభాషలో "కడు", "కరము" అనునవియు ఇదే పని చేసినవి గాని, జనుల నోట స్థిరముగా నిలిచినది "చాల". వాడుకలో దాని చివరి అచ్చు దీర్ఘమై "చాలా" అయినది.

"చాలు" అను క్రియకు రెండర్థములున్నవి. ఒకటి సరిపోవుట. రెండవది సమర్థత కలిగియుండుట: "చేయజాలడు" అనగా చేయుటకు శక్తి లేనివాడని అర్థము. కాబట్టి "చాల" అను మాట వెనుక తృప్తియు ఉన్నది, శక్తియు ఉన్నది. ఈ రెండర్థములను పాఠకులు మనస్సులో ఉంచుకొనవలెను.

2. తర్జుమాల బాట

తెలుగులోనికి బైబిలును తెచ్చు ప్రయత్నము పద్ధెనిమిదవ శతాబ్దములో జర్మను మిషనరీ బెంజమిన్ షుల్జుతో ఆరంభమైనది. ఆయన తర్జుమా అచ్చు కాలేదు. 1805లో విశాఖపట్నము చేరిన లండను మిషనరీలు క్రాన్, డెస్‌గ్రాంజెస్‌లు ఆనందరాయరు అను క్రైస్తవుని సహాయముతో సువార్తలను తెనిగించిరి. అవి 1812లో శ్రీరాంపురములో అచ్చయినవి. ప్రిట్చెట్ కృషి వలన 1818లో మద్రాసులో క్రొత్త నిబంధన వెలువడినది. తరువాత విశాఖపట్నములోనే జాన్ హే తదితరులు దశాబ్దముల తరబడి దీనిని సవరించిరి.

ఈ కాలములోనే సి.పి. బ్రౌను తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు (1852), చిన్నయసూరి బాలవ్యాకరణము (1858) వెలువడినవి. గ్రాంథికమునకు గౌరవమున్న దినములవి. అయినను అనువాదకులు సంస్కృత పదములతోనే సరిపెట్టుకొనలేదు. "బహు", "అత్యధికము" వంటి వాటి పక్కనే "చాల", "మిక్కిలి" అను ఇంటి మాటలకు చోటిచ్చిరి. బైబిలులో ఇట్టి బలము తెలుపు మాట మొదట వచ్చు ముఖ్యమైన చోటు సృష్టి చరిత్ర ముగింపు (ఆది. 1:31). మన వాడుకలోనున్న పాత అనువాదములో అక్కడ నిలిచిన మాట "చాల".

3. హెబ్రీలో "మెఓద్"

ఆ చోట హెబ్రీలోనున్న పదము "మెఓద్". గ్రీకు సెప్టువజింతు దానిని "లియాన్" అని అనువదించినది. హెబ్రీలో బలము మరింత హెచ్చించుటకు ఈ మాటను రెండుమారులు చెప్పుదురు. మనము "చాలా చాలా" అన్నట్లే. అబ్రాహాముతో చేసిన నిబంధనలోను (ఆది. 17:2), యెహోషువ కాలేబులు కనానును గూర్చి చెప్పిన మాటలోను (సంఖ్యా. 14:7) అట్లే జంటగా ఉన్నది. తెలుగు బైబిలు మొదటి చోట "అత్యధికముగా" అనియు, రెండవ చోట "మిక్కిలి" అనియు ఒక్క మాటతోనే సరిపెట్టినది.

అయితే "మెఓద్" రెండు చోట్ల మాత్రము నామవాచకముగా నిలుచుచున్నది. ఒకటి ద్వితీయోపదేశకాండము 6:5. రెండవది యోషీయాను గూర్చిన 2 రాజులు 23:25. హృదయముతోను, ఆత్మతోను, ఆపైన "నీ మెఓద్ అంతటితోను" ప్రేమించుమని ఆజ్ఞ. "నీ చాలా అంతటితో" అన్నట్లున్న ఈ పలుకుబడిని ఎట్లు అనువదింతురు? సెప్టువజింతు "డునామిస్" అనగా శక్తి అన్నది. తెలుగు "పూర్ణశక్తి" అన్నది. యూదుల మిష్నా (బెరకోత్ 9:5) దీనికి ధనము అను అర్థము చెప్పినది. తెలుగులో "చాలు" అను మాటకు శక్తి అను అర్థము కూడ ఉన్నదని పైన చూచితిమి. కనుక ఆదికాండములో "మెఓద్"కు "చాల" అనుట మన అనువాదకులకు దొరికిన యోగ్యమైన మాట.

4. విద్యానగర్‌లో వినబడు మాటలు

హైదరాబాదులోని విద్యానగర్, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతములు అనేక జిల్లాల తెలుగు కలియు చోట్లు. ఉస్మానియా విశ్వవిద్యాలయము (1918) పక్కనుండుట వలన విద్యార్థులును, ఉద్యోగములకై వచ్చినవారును తరతరములుగా ఇక్కడ చేరిరి. 1964లో రాజమండ్రిలో స్థాపింపబడిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల 1973లో ఈ సమీపముననున్న గాంధీనగర్‌కు తరలివచ్చినది.

ఇట్టి చోట ఆదివారము ఆరాధన తరువాత పలుకరింపులు వినినయెడల ఒకరు "చాలా బాగుంది" అందురు, ఒకరు "శానా" అందురు, ఒకరు "మస్తుగుంది" అందురు, మరియొకరు "తెగ నచ్చింది" అందురు. "మస్తు" ఉర్దూ ద్వారా మనకు చేరినది. పారసీలో "మస్త్" అనగా మత్తుగొన్న అని అర్థము. ఈ మాటలలో ఏదియు తక్కువది కాదు. కాని ప్రసంగవేదిక ఎక్కగానే వీటన్నిటిని విడిచి "బహుగా", "అత్యధికముగా" అనువాటినే పట్టుకొనుట మన అలవాటైనది. అదే సంఘములో "చాలీచాలని జీతము" అని చెప్పుకొనువారు వెనుక బెంచీల మీద కూర్చున్నారు. వేదిక మీద "బహు", బెంచీ మీద "చాలీచాలని" – ఈ రెంటి మధ్య దూరము భాషకు సంబంధించినది మాత్రమే కాదు, కాపరి పరిచర్యకు సంబంధించినది.

5. చాలనిది, మిగిలినది

యోహాను 6వ అధ్యాయములో ఐదు వేలమందికి ఆహారము పెట్టిన సంగతి చూడుడి. ఫిలిప్పు లెక్కవేసి రెండువందల దేనారముల రొట్టెలు "చాలవు" అన్నాడు. భోజనమైన పిమ్మట శిష్యులు పండ్రెండు గంపలు "మిగిలిన" ముక్కలను ఎత్తిరి. గ్రీకులో మొదటిది "అర్కెయో", రెండవది "పెరిస్సెవో". తెలుగులో చాలు, మిగులు. "చాల", "మిక్కిలి" పుట్టిన రెండు ధాతువులును ఒకే కథలో ఎదురుపడినవి. చాలనిది ప్రభువు చేతిలో మిగిలినదాయెను.

ఇదే "పెరిస్సోస్" అను గ్రీకు పదము కొండమీది ప్రసంగములో రెండు తీరులుగా వచ్చుచున్నది. అవునుకు, కాదుకు మించిన మాట దుష్టునినుండి కలుగునని ప్రభువు హెచ్చరించెను (మత్త. 5:37). ప్రేమించుటలో ఇతరులకంటె మీరు ఎక్కువ చేయుచున్నదేమని అదే అధ్యాయములో అడిగెను (5:47). మాటలో మిక్కిలితనము అపాయము. ప్రేమలో మిక్కిలితనము శిష్యుని గురుతు. ఇక పౌలు ముల్లు తొలగవలెనని ముమ్మారు వేడుకొనగా అతనికి దొరికిన జవాబులో (2 కొరింథీ. 12:9) కృప చాలుటయు, బలహీనతలో శక్తి పరిపూర్ణమగుటయు ఒక్కచోటనే ఉన్నవి. అచ్చటి "శక్తి" అను మాట, ద్వితీయోపదేశకాండములో "మెఓద్"కు సెప్టువజింతు వాడిన "డునామిస్"యే.

ముగింపు

కాబట్టి యువ ప్రసంగీకులకు మేము సూచించునది రెండు సంగతులు. ఒకటి, వాక్యములో బలము తెలుపు మాట వచ్చినప్పుడు దానిని దాటిపోక మూలమును చూడవలెను. రెండు, మన సొంత మాటలలో దానిని పొదుపుగా వాడవలెను. ప్రతి సభయు "బహు" గొప్పదైనప్పుడు, నిజముగా గొప్పదైనదానిని చెప్పుటకు మన యొద్ద మాట మిగులదు.

మార్కు 12వ అధ్యాయములో ప్రభువు పూర్ణబలముతో ప్రేమించుమను ఆజ్ఞను చెప్పెను. ఆ అధ్యాయపు చివరనే పేద విధవరాలు కనబడుచున్నది. ఇతరులు తమకు మిగిలినదానిలోనుండి వేసిరి. ఆమె తనకే చాలని దానిలోనుండి కలిగినదంతయు వేసెను. ఆమె "మెఓద్" రెండు కాసులు. దానికి విశేషణము అవసరము లేకపోయెను.