దానమిచ్చినా ఊళ్ళోనే ఉండే భూమి

భూదానం అనగానే మన పిల్లలకు పోచంపల్లి గుర్తుకొస్తుంది. 1951 ఏప్రిల్ 18న ఆచార్య వినోబా భావే నల్గొండ జిల్లాలోని ఆ ఊరికి వచ్చారు. అక్కడి దళిత కుటుంబాలు బతకడానికి 80 ఎకరాలు కావాలని అడిగాయి. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. తెలంగాణ సాయుధ పోరాటం ఇంకా చల్లారని రోజులవి. ఆ యాత్రలో వినోబా 51 రోజులు నడిచి దాదాపు 12 వేల ఎకరాలు సేకరించారు. తర్వాత దేశమంతటా 40 లక్షల ఎకరాలకు పైగా దానం ప్రకటించారు. అందులో కొంత రాళ్ళనేల, కొంత తగాదాల నేల. కాగితం మీద ఇచ్చిందంతా పేదల చేతికి చేరలేదు.

ఆ చరిత్రలో ఇచ్చినవాడు ఎక్కువ భూమి ఉన్నవాడు, పుచ్చుకున్నవాడు భూమి లేనివాడు. మరి గోదావరికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా ఉన్న కోయ, కొండరెడ్డి గూడేల సంగతేమిటి? మనకు ఎక్కువ భూమి లేదు. ఉన్నది జారిపోకుండా చూసుకోవడమే మన చరిత్ర. ఇప్పుడు అడవి కోసం, నీటి కోసం భూమిని దానం చేయడం మంచి పని అని పుస్తకాల్లో, సభల్లో వింటున్నాం. మంచి పనే. అయితే ఎవరు ఇస్తున్నారు, ఎవరికి ఇస్తున్నారు, ఇచ్చాక ఆ భూమి ఎక్కడ ఉంటుంది అని మనం ముందు అడగాలి.

మన ప్రాంతం చాలాకాలం రెండు పాలనల కింద ఉంది. భద్రాచలం తాలూకా 1874 నుంచి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. పాల్వంచ, ఇల్లందు వైపు నిజాం రాజ్యం. మద్రాసు ప్రభుత్వం 1917లోనే ఏజెన్సీ భూముల బదలాయింపు చట్టం చేసింది. ప్రభుత్వ ఏజెంటు రాతపూర్వక అనుమతి లేకుండా గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి పోతే చెల్లదని అది చెప్పింది. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలు ఖమ్మం జిల్లాలో కలిశాయి. అదే ఏడాది 1/59 రెగ్యులేషన్ వచ్చింది. 1963లో దాన్ని తెలంగాణ ఏజెన్సీకి వర్తింపజేశారు. 1970లో చేసిన సవరణనే మనం 1/70 అంటున్నాం.

1/70 పేరు తెలియని ఆదివాసీ యువకుడు ఉండడు. కానీ అందులో బదలాయింపు అన్న మాటకు ఇచ్చిన అర్థం ఎంతమంది చదివారు? అమ్మకం, కౌలు, తాకట్టు, మార్పిడితో పాటు దానం కూడా అందులో ఉంది. ఏజెన్సీలోని భూమి గిరిజనుడికి గానీ, గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి గానీ తప్ప ఇంకెవరికీ పోకూడదు. ఎంత మంచి ఉద్దేశం చెప్పినా, బయటి సంస్థ పేరు మీద దానపత్రం రాస్తే చెల్లదు. దానం పేరుతోనూ భూమి పోతుందని ఆ చట్టం రాసినవాళ్ళకు తెలుసు.

1997లో సుప్రీంకోర్టు సమత కేసులో ఇంకో అడుగు ముందుకు వేసింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం కూడా తన భూమిని గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుకు ఇవ్వకూడదని చెప్పింది.

అయినా సంరక్షణ పేరుతో మన నేల మీద గీతలు పడుతూనే వచ్చాయి. 1977లో 635 చదరపు కిలోమీటర్ల కిన్నెరసాని అభయారణ్యం వచ్చింది. మరుసటి ఏడాది పాపికొండల అభయారణ్యం వచ్చింది. 2008లో పాపికొండలు జాతీయ ఉద్యానవనం అయ్యాయి. పోడు కొట్టి, ఇప్పపూవు ఏరి బతికినవాళ్ళను కూర్చోబెట్టి అడిగి గీసిన గీతలు కావవి. 2014లో పోలవరం ముంపు కోసం మండలాలకు మండలాలే రాష్ట్రం మారిపోయాయి. వీటిని త్యాగం అని పొగిడేవాళ్ళున్నారు. దానానికైనా త్యాగానికైనా ఇచ్చేవాడి ఇష్టం ఉండాలి. అడగకుండా తీసుకున్నదానికి ఆ పేర్లు పెట్టకూడదు.

ఇష్టపూర్వకంగా ఇచ్చే పద్ధతులు లోకంలో ఉన్నాయి. అమెరికాలో రైతు తన భూమిని తానే ఉంచుకుని, దాన్ని ప్లాట్లు చేసే హక్కును మాత్రం శాశ్వతంగా వదులుకుంటూ ఒప్పందం రాస్తాడు. అక్కడి ఒరెగాన్ రాష్ట్రం 1987లో చేసిన చట్టం ప్రకారం, తన పొలానికి తోడుకునే నీటి హక్కును రైతు వాగుకే వదిలేయవచ్చు. అప్పుడు ఆ నీరు చేపల కోసం వాగులోనే పారుతుంది. అయితే అవన్నీ ఒక్క మనిషి పేరున పట్టా ఉన్న చోట పుట్టిన పద్ధతులు.

మనకు దగ్గరి దారి గోదావరికి ఎగువన, మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో ఉంది. ధనోరా తాలూకాలోని మేంఢా లేఖా గోండుల ఊరు. వాళ్ళూ మనలాగే తమను కోయితోర్ అని చెప్పుకునేవాళ్ళే. దేవాజీ తోఫా వంటి పెద్దలతో ఆ ఊరు ఏళ్ళ తరబడి గ్రామసభ నడిపింది. అందరూ ఒప్పుకుంటేనే తీర్మానం. 2009లో దాదాపు 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు పత్రం పొందింది. 2011 నుంచి తన వెదురును తానే అమ్ముకుంది. తర్వాత 2013లో ఇంకో పని చేసింది. ఊళ్ళోని కుటుంబాలన్నీ తమ సొంత పొలాలను మహారాష్ట్ర గ్రామదాన చట్టం కింద గ్రామసభకు దానం చేయడానికి నిర్ణయించుకున్నాయి. ఆ పద్ధతిలో యాజమాన్యం సభది, సాగు ఎవరిది వారిదే. బయటివాడికి అమ్మే దారి మూసుకుపోతుంది. ఇచ్చినవాళ్ళూ పుచ్చుకున్నవాళ్ళూ ఒక్కరే. భూమి గడప దాటలేదు.

ఈ ఆలోచన మనకు కొత్త కాదు. విజ్జ పండుం చేయకుండా విత్తనం వేయం. కొత్తల పండుగ కాకుండా కొత్త పంట ముట్టం. వేల్పు చెట్టు మీద గొడ్డలి పెట్టం. నాది అన్న హక్కును ఊరి కట్టుబాటు ముందు వదులుకోవడమే ఇది. దీనికి రాత లేదు, అంతే.

ఆ రాతకు 2006 అటవీ హక్కుల చట్టం చోటిచ్చింది. మనం దాన్ని పోడు పట్టాల చట్టంగానే చూశాం. పోడు పట్టా వారసులకు వస్తుంది, అమ్మడానికి గానీ బదిలీ చేయడానికి గానీ వీల్లేదు. 2023 జూన్ 30 నుంచి తెలంగాణలో 4 లక్షల ఎకరాలకు పైగా ఈ పట్టాలు పంచారు. అది మన పోరాట ఫలితం. కానీ అదే చట్టంలో, ఊరు తరతరాలుగా కాపాడుకుంటున్న అడవిని రక్షించి నిర్వహించే హక్కు కూడా ఉంది. వాగులను, ఊటలను, నీటి పరివాహక ప్రాంతాలను కాపాడే అధికారం గ్రామసభకు 5వ సెక్షన్ ఇచ్చింది. దరఖాస్తు ఫారం సి. సభకు కనీసం సగం మంది రావాలి, వచ్చినవారిలో మూడోవంతు మహిళలు ఉండాలి.

ఉపాధ్యాయ మిత్రులు ఒక పని చేయవచ్చు. పోచంపల్లి పాఠం చెప్పిన రోజునే పిల్లలతో తమ గూడెం పటం గీయించండి. ఊట ఎక్కడ, వేల్పు చెట్టు ఎక్కడ, పశువుల బీడు ఎక్కడ, ఇప్పచెట్లు ఎక్కడ అని ముసలివాళ్ళను అడిగి గుర్తులు పెట్టించండి. ఫారం సితో పాటు పెట్టాల్సిన పటానికి అదే మొదటి ప్రతి అవుతుంది. యువకులు దాన్ని గ్రామసభ ముందు పెట్టాలి. రేపు ఎవరైనా వచ్చి అడవి కోసం భూమి ఇవ్వమంటే, ఈ అడవిని కాపాడుతున్నది మేమేనని చూపడానికి మన చేతిలో ఒక కాగితం ఉండాలి.