నాగజెముడును ఎఱ్ఱపురుగును

పురుగు పైరునకు శత్రువని మన రైతునకు వేఱుగ జెప్పనక్కఱలేదు. కాని యే పురుగు దేనికి శత్రువో తెలిసికొనుట కీటకశాస్త్రమున మొదటి పాఠము. ఆ పాఠమును మనదేశ మొక పొరపాటువలన నేర్చుకొన్నది. ఆ కథ చదువరులకు విన్నవించెదము.

జెముడుజాతులలో మనము నాగజెముడనునది యీ దేశపు మొక్క కాదు, అమెరికాఖండమునుండి వచ్చినది. మెక్సికోలో నట్టి జెముడుపై కొచ్చినీలు అను చిన్నపురుగును బెంచి, ఆడుపురుగుల నెండబెట్టి, వానినుండి రక్తవర్ణపు రంగు తీయుచుండిరి. ఒక పౌను సరకునకు సుమారు 70,000 పురుగులు కావలెను. స్పెయినువా రా వర్తకమును గుప్పిటనుంచుకొని గుట్టు బయటపడనీయకుండుటచే, అది గింజయో పురుగో యని యూరపుఖండములో చిరకాలము వాదులాడుకొనిరి.

ఈస్టిండియా కంపెనీవారి కన్ను ఆ లాభముపై బడెను. 18వ శతాబ్ద్యంతమున డాక్టరు జేమ్సు ఆండర్సను చెన్నపట్టణమునొద్ద సైదాపేటలో జెముడుతోట పెంచి పురుగుకొఱకు నిరీక్షించుచుండెను. పెండ్లికూతురు కుదురకమునుపే పందిరి వేయించినట్లున్నది! 1795లో కెప్టెను నీల్సను బ్రెజిలునుండి కొన్ని పురుగులను కలకత్తాకు దెచ్చెను. అచ్చటి కంపెనీతోటకు నప్పటి యధికారి విలియం రాక్సుబర్గు. మన సామర్లకోటలో ననేక సంవత్సరములు మొక్కలను బరిశోధించిన యాయనయే.

పురుగులు బ్రదికెను గాని రంగు నాసిరక మయ్యెను. ఏలయన నవి మెక్సికోవారు పెంచెడి జాతి కాదు, దానికి జ్ఞాతియైన యడవిజాతి. పెంపుడుజాతి మేనిపై తెల్లనిపొడి మాత్రముండును. అడవిజాతి దూదివంటి మైనపు పోగులు కప్పుకొనును. ఇంత స్వల్పభేదములో కంపెనీవారి యాశ యంతయు గరగిపోయెను.

మా బడిపిల్లలు కంచెలోని జెముడుమీద నిట్టి దూదిని గిల్లి, వ్రేళ్లెఱ్ఱబడగా నెత్తురని బెదరి మాయొద్దకు బరుగెత్తివచ్చుట కలదు. ఆ యెఱుపే యొకప్పుడు రాజుల దుస్తులకు రంగు.

అయితే కొన్నియేండ్లకు మఱియొక వింత కానవచ్చెను. ఆ పురుగు సోకినచోట నొక జాతి జెముడు ఎండి నేలగూలుచుండెను. కావున 1836-38 సంవత్సరముల నడుమ దానిని బుద్ధిపూర్వకముగ దక్షిణదేశమునకు దెచ్చి విడిచిరి. పురుగుచే గలుపును జంపించుటలో లోకమున మొదటి సఫలప్రయత్నము లిందు లెక్కింపబడుచున్నది.

బంజరులను, పొలముగట్లను ఆక్రమించిన నాగజెముడు మాత్రము లొంగలేదు. అది వేఱుజాతి, ఆ పురుగు దానిని ముట్టదు. నఱికిన ప్రతిముక్కయు నేలబడి వేరూనుచుండగా గొడ్డలి యేమిచేయగలదు? 1926లో సింహళమునుండి కొచ్చినీలులోనే వేఱొక జాతిని దెచ్చినపిదప గాని యది యణగలేదు. కంటికి రెండు పురుగులు నొక్కతీరే, ఆహారము వేఱు. శాస్త్రము వలదనువారు ఈ రెంటిని వేఱుచేసి చూపవలెనని మా మనవి.

ఈ రెండవజాతియే 2014లో మొరాకోదేశమున బ్రవేశించినది. అచ్చటివారికి జెముడు కలుపు కాదు. పండ్లకును, పశువుల మేతకును బెంచెడి పంట. తోటలకు తోటలు నశించెను. ఇప్పుడు వారు ఆ పురుగును దినెడి యక్షింతలపురుగులను దెచ్చి తోటలలో విడుచుచున్నారు.