స్థానిక పార్టీకి కౌన్సిల్లో చేతనయ్యేదెంత? దువ్వాడ నుంచి ఒక పరిశీలన

2021 మార్చి 14న గ్రేటర్ విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) ఓట్లు లెక్కించారు. మొత్తం 98 వార్డుల్లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 58, తెలుగుదేశానికి 30, జనసేనకు 3 వచ్చాయి. బీజేపీ, సీపీఐ, సీపీఎం తలా ఒక వార్డు గెలిచాయి. మిగిలిన నాలుగూ స్వతంత్రులవి. ఈ ఊరి కోసమే పుట్టి, ఈ ఊరి పనే ఎజెండాగా పెట్టుకున్న పార్టీ గెలిచినవాళ్ల జాబితాలో ఒక్కటీ లేదు.

రేపు అలాంటి పార్టీ ఒకటి దువ్వాడ, కూర్మన్నపాలెం, వడ్లపూడి వార్డుల్లో పోటీకి దిగితే దాని ప్రాధాన్యాలు ఏమై ఉండాలి అన్నది ఈ వ్యాసం తీసుకున్న ప్రశ్న. మేనిఫెస్టో రాయడం తేలికే. రాసినదాంట్లో ఎంత భాగం కౌన్సిల్ చేతిలో ఉంది, ఎంత భాగం ఢిల్లీలోనో అమరావతిలోనో ఉంది అని విడదీయడం దగ్గరే చిక్కు. ఆ లెక్క కట్టకుండా ప్రాధాన్యాలు రాసుకున్న పార్టీకి రెండో ఏడాదికే ఓటరు ముందు సమాధానం దొరకదని నా అంచనా.

దువ్వాడ స్టేషన్ దగ్గర మొదలుపెడదాం. విశాఖపట్నం స్టేషన్లో బండి వెనక్కి తిరగాల్సి ఉంటుంది గనుక హౌరా, చెన్నై మధ్య నడిచే కొన్ని దూరప్రాంత రైళ్లు ఊళ్లోకి పోకుండా దువ్వాడ మీదుగానే వెళ్లిపోతాయి. నగరానికి వచ్చేవాళ్లు ఇక్కడే దిగి, సంచులు భుజానేసుకుని ఆటో బేరమాడతారు. ప్లాట్‌ఫారం, స్టేషన్ ఆవరణ రైల్వేవి. బయటి రోడ్డు, ఆ రోడ్డు మీది దీపం, పక్కనున్న కాలువ జీవీఎంసీవి. ఆ పక్కన కంచె వెనక ఉన్న ప్రత్యేక ఆర్థిక మండలి కేంద్ర వాణిజ్య శాఖ కింద నడుస్తుంది. 1989లో ఎగుమతుల మండలిగా నోటిఫై అయి, 2003లో సెజ్‌గా మారింది. కూర్మన్నపాలెం కూడలికి వస్తే కాళ్ల కింద ఉన్నది 16వ నంబరు జాతీయ రహదారి. దాటితే ఉక్కు కర్మాగారం, దాని టౌన్‌షిప్. అక్కడి వీధులను చూసుకునేది కర్మాగారం యాజమాన్యమే. ఆటోలో పది పదిహేను నిమిషాల దారిలో ఐదుగురు యజమానులు. వాళ్లలో కార్పొరేటర్ ప్రశ్నించగలిగినది ఒక్కరినే.

గాజువాక వైపు ఆటోనగర్‌కు వెళ్తే ఆరో యజమాని తగులుతాడు. ఏపీఐఐసీ పారిశ్రామిక వాడల్లో 'ఐలా' పేరుతో ఉన్న స్థానిక అధికార సంస్థలు మున్సిపల్ అధికారాలు చెలాయిస్తాయి. అక్కడ వసూలైన ఆస్తి పన్నులో 35 శాతం స్థానిక సంస్థకు జమ చేసి, మిగతాది వాడ నిర్వహణకు ఉంచుకుంటాయి. పారిశ్రామిక వాడలకు ఆ పద్ధతి వల్ల మేలే జరిగిందని వాదించేవారున్నారు, ఆ వాదనలో పస లేకపోలేదు. అయితే లారీలు తిరిగి పాడయ్యే చుట్టుపక్కల రోడ్ల ఖర్చు మాత్రం కార్పొరేషన్ పద్దులోనే పడుతుంది.

ఈ ప్రాంతంలో ఏ పార్టీ జెండా ఎగరేసినా ముందు మాట్లాడాల్సింది ఉక్కు గురించే. 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అన్న నినాదంతో రాష్ట్రమంతా కదిలింది. టి. అమృతరావు నిరాహార దీక్ష చేశారు, పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారం ప్రకటించారు, 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు. కర్మాగారం కోసం ఖాళీ అయిన గ్రామాల జనానికి వడ్లపూడి, అగనంపూడి, పెదగంట్యాడ వంటి చోట్ల నిర్వాసిత కాలనీలు వెలిశాయి. ఉద్యోగం కోసం ఇచ్చిన ఆర్ కార్డు పట్టుకుని ఎదురుచూసిన కుటుంబాలు ఆ కాలనీల్లో ఇప్పటికీ ఉన్నాయి. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం కర్మాగారంలో నూరు శాతం పెట్టుబడుల ఉపసంహరణకు సూత్రప్రాయంగా ఒప్పుకుంది. కొద్ది రోజులకే కూర్మన్నపాలెంలో రిలే దీక్షా శిబిరం వెలిసింది. సరిగ్గా ఆ వేడిలో, మార్చి 10న, నగరపాలక ఎన్నిక జరిగింది.

కాబట్టి ఆ ఎన్నికలో ఈ వైపు పడిన ఓటు కాలువ కోసం పడిందా, కర్మాగారం కోసం పడిందా అని విడదీసి చెప్పడానికి ఫలితాల పట్టిక ఒక్కటే చాలదు. 2025 జనవరిలో కేంద్రం కర్మాగారానికి 11,440 కోట్ల ప్యాకేజీ ఆమోదించింది. ఆ నిర్ణయంలోనూ, అంతకుముందటి నిర్ణయంలోనూ కౌన్సిల్‌కు ఓటు లేదు. తీర్మానం చేసి పంపవచ్చు, అంతవరకే. స్థానిక పార్టీ ఉక్కు మాట ఎత్తకూడదని కాదు. ఎత్తకపోతే ఇక్కడ ఇంటి గుమ్మం కూడా ఎక్కనివ్వరు. కానీ దాన్ని కౌన్సిల్ ప్రాధాన్యంగా రాస్తే చేయలేని పనికి మాటిచ్చినట్టు అవుతుంది. అగనంపూడి టోల్‌గేటు కథా ఇంతే. మున్సిపల్ హద్దుకు 10 కిలోమీటర్లలోపు టోల్ ప్లాజా ఉండకూడదన్నది 2008 నాటి జాతీయ రహదారుల రుసుము నిబంధనల్లోని సాధారణ సూత్రం. మినహాయింపులూ అందులోనే ఉన్నాయి. ఏళ్ల తరబడి జనం అడిగినా కదలని గేటు 2024లో ప్రభుత్వం మారాక గానీ ఎత్తలేదు.

ఇక కౌన్సిల్ అన్నది అసలు ఉండాలి కదా. రాజ్యాంగం 243యూ అధికరణం ప్రకారం పాలకవర్గం గడువు ఐదేళ్లు, ఆ గడువు తీరేలోపే కొత్త ఎన్నిక జరగాలి. 2006లో కిషన్‌సింగ్ తోమర్ కేసులో సుప్రీంకోర్టు ఇదే మాట గట్టిగా చెప్పింది. విశాఖలో జరిగింది వేరు. గాజువాక మున్సిపాలిటీని, 32 గ్రామాలను కలుపుకుని 2005లో గ్రేటర్ ఏర్పడింది. 2007లో 72 వార్డులకు ఎన్నిక జరిగి పులుసు జనార్దనరావు మేయరయ్యారు. ఆ పాలకవర్గం గడువు 2012లో ముగిసింది. తర్వాతి పాలకవర్గం 2021లో వచ్చింది. మధ్యలో తొమ్మిదేళ్లు ప్రత్యేకాధికారి పాలన. భీమిలి, అనకాపల్లి విలీనమయ్యాయి, హుద్‌హుద్ తుఫాను వచ్చి ఊరిని ఊడ్చేసింది, వార్డుల హద్దులు మారాయి. ఇవన్నీ అడిగే కార్పొరేటర్ లేని కాలంలో జరిగినవే.

ఆ తొమ్మిదేళ్లలో పనులు జరగలేదని చెప్పలేం. తుఫాను తర్వాత నగరం కోలుకున్న వేగాన్ని చాలామంది మెచ్చుకున్నారు. అధికారుల పాలనలో పని బాగుందా, కౌన్సిల్ ఉన్నప్పుడు బాగుందా అని తేల్చాలంటే వార్డువారీగా ఖర్చు పక్కపక్కన పెట్టి చూడాలి. డబ్బు సంగతి మాత్రం స్పష్టం. 14వ ఆర్థిక సంఘం మూల నిధులు సక్రమంగా ఎన్నికైన స్థానిక సంస్థలకే అని షరతు పెట్టారు. 2020 మార్చిలో రాష్ట్రం హడావిడిగా ఎన్నికలకు దిగడానికి ఆ నిధులు మురిగిపోతాయన్న భయం ఒక కారణం. కరోనాతో అదీ ఆగి, ఏడాది తర్వాత గానీ పోలింగ్ జరగలేదు. 2021 మార్చి 18న కొలువుదీరిన పాలకవర్గానికి ఐదేళ్ల లెక్కన 2026 మార్చి గడువు. అందుకే స్థానిక పార్టీ మొదటి ప్రాధాన్యంగా రాసుకోవాల్సింది సకాలంలో ఎన్నిక అని నా అభిప్రాయం. దానికోసం హైకోర్టు మెట్లెక్కే ఓపిక కూడా ఉండాలి. వినడానికి చప్పగా ఉంటుంది. దీని మీద ఓట్లు రాలతాయన్న నమ్మకం నాకూ లేదు.

కౌన్సిల్ లోపలి అధికారం సంగతి చూద్దాం. 1979 నాటి విశాఖ కార్పొరేషన్ చట్టం 1955 నాటి హైదరాబాద్ చట్టాన్నే ఆధారం చేసుకుంది. అందులో అధికారం ముగ్గురిది: కౌన్సిల్, స్టాండింగ్ కమిటీ, కమిషనర్. అమలు అధికారం కమిషనర్‌ది, ఆయన్ను పంపేది రాష్ట్ర ప్రభుత్వం. 2019 అక్టోబరు 2న వచ్చిన వార్డు సచివాలయాల సిబ్బందీ ఆయన కిందివాళ్లే. కార్పొరేటర్ ఇంటి ముందు దీపం వెలగకపోతే ఆయన కూడా సచివాలయంలో ఫిర్యాదు రాయించుకోవాల్సిందే.

చిన్న పార్టీకి సందు దొరికేది స్టాండింగ్ కమిటీ దగ్గర. అందులో పదిమంది సభ్యులు, ఏటా ఎన్నిక. పనుల అంచనాలు, టెండర్లు అక్కడే ఆమోదం పొందుతాయి. 2024 ఆగస్టులో జరిగిన ఎన్నికలో పదికి పది స్థానాలూ తెలుగుదేశం కూటమి గెలిచింది. అప్పటికి మేయర్ వైఎస్సార్ కాంగ్రెస్‌కు చెందిన గొలగాని హరివెంకటకుమారి. 2021లో 58 వార్డులు గెలిచిన పార్టీకి మూడేళ్లు తిరిగేసరికి కమిటీలో ఒక్క కుర్చీ దక్కలేదు. మధ్యలో మారినది రాష్ట్ర ప్రభుత్వం. నాలుగేళ్ల దాకా అవిశ్వాసం పెట్టకూడదన్న నిబంధన ఉండబట్టి మేయర్ పదవి అప్పటికి నిలిచింది. ఆ గడువు దాటగానే, 2025 ఏప్రిల్ 19న తీర్మానం నెగ్గింది. ఎక్స్ అఫీషియో సభ్యులతో కలిపి ఓటున్నవాళ్లు 111 మంది. మూడింట రెండొంతులంటే 74. పడిన ఓట్లూ 74. ఒక్కటి తగ్గినా మేయర్ కుర్చీ కదిలేది కాదు. ఏప్రిల్ 28న పీలా శ్రీనివాసరావు మేయరయ్యారు.

వార్డులో పడిన ఓటు కన్నా రాష్ట్రంలో ఎవరున్నారన్నదే కౌన్సిల్‌ను నడుపుతుందనడానికి ఇంతకన్నా దగ్గరి రుజువు దొరకడం కష్టం. ఒకే నగరం, ఒకే గడువు గనుక దీన్ని అన్ని కార్పొరేషన్లకూ సూత్రంగా చెప్పలేం. 1981లో ఈ ఊరే ఇంకో తీరు చూపింది. ఏడాది కిందటే పుట్టిన బీజేపీకి నగరపాలక సంస్థను అప్పగించి ఎన్.ఎస్.ఎన్. రెడ్డిని మేయర్ చేసింది. 2009లో గాజువాక నియోజకవర్గం కొత్తగా వచ్చిన ప్రజారాజ్యానికి ఎమ్మెల్యేనిచ్చింది, పదేళ్లకు జనసేన అధినేతనే ఓడించింది. కొత్త జెండా అంటే ఇక్కడివాళ్లకు భయం లేదు, మోజూ లేదు.

బయటి అనుభవాలకొస్తే కేరళలోని కిళక్కంబలం పేరు ఎక్కువ వినిపిస్తుంది. కిటెక్స్ వస్త్ర సంస్థ వెన్నుదన్నుతో పుట్టిన ట్వంటీ20 అక్కడ 2015లో 19 వార్డుల్లో 17 గెలిచింది. 2020లో నాలుగు పంచాయతీలకు విస్తరించింది. మరుసటి ఏడాది అసెంబ్లీకి పోటీ చేస్తే ఒక్క సీటూ రాలేదు. దువ్వాడకు ఆ దారి అతకదు. అక్కడ కంపెనీ డబ్బుతో పార్టీ నడిచింది. ఇక్కడ కంపెనీయే ఊపిరి కోసం కొట్టుకుంటోంది, రాజకీయం కార్మిక సంఘాల చుట్టూ తిరుగుతోంది. ఇంగ్లాండులోని ఫ్రోమ్ పట్టణం ఉదాహరణ నాకు ఇంకా పనికొచ్చేదిగా తోస్తుంది. అక్కడ స్థానికులు కట్టుకున్న స్వతంత్రుల కూటమి 2011లో 17 స్థానాల్లో 10, 2015లో మొత్తం 17 గెలిచింది. గెలుపు కన్నా ఆ ఊరి కొలత ముఖ్యం. ఫ్రోమ్ జనాభా పాతిక వేల పైచిలుకు. ఇరవై లక్షలు దాటిన విశాఖను 98తో భాగిస్తే వార్డుకు ఇరవై వేల పైమాటే. అక్కడ 17 మంది సభ్యులు చూసుకునే ఊరికి ఇంచుమించు సమానమైన వార్డును ఇక్కడ ఒక్క కార్పొరేటర్ మోయాలి.

ఈ లోటు పూడ్చడానికే 243ఎస్ అధికరణం మూడు లక్షలు దాటిన నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలంది. దానికి కొత్త నిధులు అక్కర్లేదు. నెలకొక రోజు, వార్డు పనుల పుస్తకం బల్ల మీద పెట్టి, ఏ పని ఏ కాంట్రాక్టరుకు వెళ్లింది, బిల్లు ఎంత చెల్లించారు అని కాలనీవాళ్ల ముందు చదివితే చాలు. నలుగురే ఉన్న పార్టీ కూడా తన నాలుగు వార్డుల్లో ఈ పని మొదలుపెట్టవచ్చు.

పన్నుల విషయంలో జాగ్రత్త అవసరం. 2020 చివర్లో రాష్ట్రం ఇంటి పన్నును అద్దె విలువ నుంచి ఆస్తి మూలధన విలువకు మార్చింది. పెంపు ఏటా 15 శాతం మించకూడదని హద్దు పెట్టింది. 2021లో వచ్చిన చెత్త రుసుమును 2024లో కొత్త ప్రభుత్వం ఎత్తేసింది. పెట్టిందీ తీసిందీ రాష్ట్రమే. పన్ను రేటును రాష్ట్రం గీసిన గీతల మధ్య జరపడానికి కౌన్సిల్‌కు కొంత చోటుంది గానీ, 'పన్ను రద్దు' అని గోడ మీద రాసేంత లేదు. దుమ్ము విషయంలో ఆ చోటు కాస్త పెద్దది. విశాఖ జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద ప్రమాణాలు అందుకోని నగరాల్లో ఒకటి. పదిలక్షలు దాటిన నగరాలకు 15వ ఆర్థిక సంఘం ఇచ్చిన నిధుల్లో మూడో వంతు గాలి నాణ్యతకే కేటాయించింది. ఆ డబ్బుతో రోడ్లు ఊడ్చే యంత్రం బీచ్ రోడ్డుకు వెళ్లాలా, గాజువాక, కూర్మన్నపాలెం సర్వీసు రోడ్లకు వెళ్లాలా అన్నది నగరపాలక సంస్థ పరిధిలోని నిర్ణయమే. కౌన్సిల్లో లేచి అడగదగిన ప్రశ్న.

ఏప్రిల్ 19 నాటి 74 ఓట్లలో నాలుగు ఓట్లు ఏ విప్పుకూ లొంగని ఒక స్థానిక పార్టీవి అయి ఉంటే, రెండు పెద్ద పార్టీలూ వాళ్ల గుమ్మం ముందు నిలబడేవి. ఆ ఓట్లకు పదవులు అడగవచ్చు, అలా అడిగినవాళ్లను చూశాం. అదే రోజు వార్డు కమిటీల తేదీలు, సర్వీసు రోడ్లకు గాలి నిధుల వాటా, వార్డు పనుల పుస్తకం కాలనీల్లో చదివించే హామీ కాగితం మీద రాయించుకుని, ఎజెండాలో చేర్పించాక చెయ్యెత్తవచ్చు. ఈ మూడింటికీ ఢిల్లీ అనుమతి అక్కర్లేదు.